చంకలో పెట్టుకుని... ఊరంతా వెతికి!

"పిన్నీ, నా దగ్గర చెమట వాసన వస్తుందా? నిజం చెప్పు."

కిందటి మార్చిలో, ఒంటిపూట బడులు మొదలైన వారం, విజయవాడ నుంచి ఫోన్ చేసి మా అక్క కూతురు అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిదో తరగతి చదువుతోంది. 'ఎవరన్నారే?' అంటే కాసేపు పలకలేదు. తర్వాత ఒక్కో ముక్కా చెప్పింది. బెంచీలో పక్కన కూర్చునే అమ్మాయి టీచరుని అడిగి మరీ చోటు మార్పించుకుందట. ఎందుకో కూడా క్లాసంతా వినపడేలా చెప్పిందట. అంతే... ఆ రోజు నుంచి మా పిల్ల క్లాసులో చెయ్యెత్తడం మానేసింది. జవాబు తెలిసినా సరే! బెజవాడ ఎండల్లో యూనిఫాం మీద స్వెట్టరు తొడుక్కుని బడికెళ్తోంది.

అక్క తనకు తోచిన పరిష్కారం చూసింది. పెద్ద డియో డబ్బా కొనిచ్చింది. పిల్ల దాన్ని రోజుకు నాలుగుసార్లు కొట్టుకుంది. వారం తిరిగేసరికి చంకల నిండా ఎర్రటి దద్దుర్లు. "నువ్వు పేపర్లో రాస్తావుగా పిన్నీ... మంట పుట్టనిదీ, నిజంగా పనిచేసేదీ ఏదైనా కనుక్కుని చెప్పవా" అంది.

నిజం చెప్పొద్దూ, ఆ బాధ నాకూ ఉంది. సికింద్రాబాద్ నుంచి కోఠీ వైపు వెళ్లే బస్సులో పై కడ్డీ పట్టుకుని నిలబడే ప్రతి ఆడమనిషికీ ఉండే బాధే. పదేళ్లు స్ప్రేలు వాడి వాడి నల్లమచ్చలు తెచ్చుకున్నాను. చర్మవైద్యురాలు ఆర్నెల్లపాటు వాటి జోలికి వెళ్లొద్దని గట్టిగా చెప్పింది. సరే, ఇద్దరికీ పనికొస్తుందని వెతుకులాట మొదలుపెట్టాను. మూడు నెలలు పట్టింది. వాసన చూసి మార్కులేసే బాధ్యత మావారికి అప్పగించాను. పాపం, ఒప్పుకున్నారు.

అన్నట్టు, 'చంక' అని రాయాలా, మర్యాదగా 'బాహుమూలం' అనాలా అని మా డెస్కులో చిన్న చర్చ జరిగింది. బాహుమూలానికి చెమట వాసన రాదు, చంకకే వస్తుంది. కాబట్టి చంక అనే రాస్తున్నాను.

చెమటకు వాసనే లేదు!

నేను మొట్టమొదట తెలుసుకున్న సంగతి ఇదే. మన ఒంట్లో 20 నుంచి 40 లక్షల స్వేదగ్రంథులుంటాయి. వాటిలో అత్యధికం ఎక్రైన్ గ్రంథులు. ఎండలో కారే ఉప్పునీళ్లు వాటివే. ఒంటిని చల్లబరచడం వాటి పని. వాసన గొడవంతా రెండో రకంతో. అవి అపోక్రైన్ గ్రంథులు. చంకల్లో, గజ్జల్లో వెంట్రుకల కుదుళ్లను అంటిపెట్టుకుని ఉంటాయి. పుట్టినప్పటి నుంచీ ఉన్నా యుక్తవయసు వచ్చేదాకా నిద్రపోతూనే ఉంటాయి. నిన్నటిదాకా పాలవాసన వేసిన పిల్లలు ఏడో తరగతికో ఎనిమిదో తరగతికో వచ్చేసరికి ఉన్నట్టుండి 'వాసనొస్తున్నారు' అనిపించడానికి కారణం అది.

ఈ గ్రంథుల చెమట కాస్త చిక్కగా, కొవ్వులూ ప్రొటీన్లతో కూడి ఉంటుంది. బయటికొచ్చిన క్షణంలో దానికీ వాసన ఉండదు. కానీ చంకల్లో కాపురముండే బ్యాక్టీరియాకి అది విందుభోజనం. అవి దాన్ని విడగొట్టినప్పుడు పుట్టే రసాయనాలే మనం ముక్కు మూసుకునేలా చేస్తాయి. వాటిలోకెల్లా ఘాటైనవి గంధకం కలిసిన థయోఆల్కహాల్స్. అతి కొద్ది మోతాదులో ఉన్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. వాటిని తయారుచేసే ఘనుల్లో ముఖ్యమైనది స్టెఫైలోకాకస్ హోమినిస్ అనే బ్యాక్టీరియా. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, యూనిలీవర్ శాస్త్రవేత్తలతో కలిసి ఆ పని చేసిపెట్టే ఎంజైమును 2020లో వెలుగులోకి తెచ్చారు.

ఇంకో సంగతి. భయపడినా, కంగారుపడినా కూడా ఈ గ్రంథులు చెమట వదులుతాయి. అంటే ఏమిటన్నమాట? 'నా దగ్గర వాసనొస్తుందేమో' అని పిల్ల బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే చెమట ఇంకా ఎక్కువవుతుంది. పైన స్వెట్టరొకటి!

అందరికీ ఒకేలా ఉండకపోవడానికీ కారణం ఉంది. ఏబీసీసీ11 అనే జన్యువులో చిన్న తేడా ఉన్నవాళ్లకి చెవి గులిమి తడిగా కాకుండా పొడిపొడిగా ఉంటుంది. చెవి గులిమికీ ఈ జన్యువుకీ ఉన్న లంకెను జపాన్ శాస్త్రవేత్తలు 2006లో బయటపెట్టారు. పొడి గులిమి ఉన్నవాళ్లకి చంక వాసన చాలా తక్కువ. కొరియాలో దాదాపు అందరూ ఈ బాపతే. మన దగ్గర రెండు రకాలూ ఉన్నారు. మావారిది పొడి గులిమి. ఆయనకు డియో అక్కర్లేదని పెళ్లయిన ఇన్నేళ్లకు అర్థమైంది. కాస్త కుళ్లుకున్నాను కూడా.

భయపెట్టి అమ్మారు

ఈ వాసన గురించి మనుషులు ఇంతగా సిగ్గుపడటం ఎప్పటి నుంచి? అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1888లో 'మమ్' పేరుతో జింకు కలిపిన ముద్దలాంటి డియోడరెంట్ వచ్చింది. అప్పట్లో ఈ మాటెత్తడమే అసభ్యం. తర్వాత సిన్సినాటిలో ఓ శస్త్రవైద్యుడు ఆపరేషన్ చేసేటప్పుడు అరచేతులకు చెమట పట్టకుండా ఒక ద్రవం తయారుచేసుకున్నాడు. ఆయన కూతురు ఎడ్నా మర్ఫీ, అప్పటికి హైస్కూలు విద్యార్థిని, అది చంకలకూ పనిచేస్తోందని గమనించింది. 'ఓడొరోనో' అని పేరు పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. ఎర్రటి రంగు, యాసిడ్ ఘాటు, చర్మం మంట, బట్టలకు చిల్లులు... ఇన్ని అవలక్షణాలున్నా 1912లో అట్లాంటిక్ సిటీ ప్రదర్శనలో వేసవి ముదిరేకొద్దీ అమ్మకాలు పుంజుకున్నాయి.

అసలు మలుపు 1919లో వచ్చింది. జేమ్స్ వెబ్ యంగ్ అనే ప్రకటనల రచయిత ఓ మహిళా పత్రికలో కొత్తరకం ప్రకటన ఇచ్చాడు. దాని సారాంశం ఒక్కటే. 'మీ దగ్గర వాసన వస్తూ ఉండొచ్చు, మీకు తెలియదు, మీ వెనక మాత్రం అందరూ అనుకుంటున్నారు.' మండిపడి 200 మంది దాకా పాఠకులు ఆ పత్రికకు చందా మానేశారు. ఓడొరోనో అమ్మకాలు మాత్రం ఏడాదిలో 112 శాతం పెరిగి 4,17,000 డాలర్లకు చేరాయి. నూరేళ్ల తర్వాత మా పిల్ల క్లాసులో స్వెట్టరు వేసుకుని కూర్చుందంటే అందులో ఆ ప్రకటనకూ వాటా ఉందని నా అనుమానం.

వంటింట్లో వెతుకులాట

షాపుల్లో దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. డియోడరెంట్ అంటే బ్యాక్టీరియాను అణిచేది, లేదా వాసనను కప్పేది. యాంటీపెర్స్పిరెంట్ అంటే అల్యూమినియం లవణాలతో చెమట నాళాల మూతి మూసేది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే స్ప్రేల్లో ఉండేది ప్రధానంగా ఆల్కహాలూ సెంటూ. రేజరు వాడిన చర్మం మీద అవి పడితే మంట పుట్టక ఏమవుతుంది?

అందుకని మొదట వంటింటికే వెళ్లాను. అందరూ చెప్పేది నిమ్మచెక్క. పులుపుకి బ్యాక్టీరియా తగ్గుతుంది, నిజమే. కానీ మన గూడూరు వైపు పండే చిన్న నిమ్మకాయల్లో, ముఖ్యంగా తొక్కలో, సోరలెన్లనే పదార్థాలుంటాయి. అవి అంటుకున్న చోట ఎండ తగిలితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కి, నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోతుంది. చేతుల్లేని జాకెట్టు వేసుకునేవాళ్లు నిమ్మచెక్క వైపు చూడకపోవడమే మంచిది. మూడు రోజులకే ఆపేశాను.

తర్వాత వంటసోడా. విదేశాల్లో సీసాల్లో పెట్టి 'సహజ డియోడరెంట్' అని అమ్మేవాటిలో చాలావాటికి ఇదే ఆధారం. కొబ్బరినూనెలో కలిపి రాసుకున్నాను. అద్భుతం! సాయంత్రం ఆరింటికి మావారు 10కి 8 వేశారు. రెండో వారంలో దురద. మూడో వారంలో చర్మం పొరలూడింది. మన చర్మానిది స్వతహాగా పుల్లటి గుణం, సోడాది క్షారగుణం. రోజూ రుద్దితే చర్మం తనను తాను కాపాడుకునే పొర దెబ్బతింటుందని డాక్టరమ్మ మందలించింది. కొందరికి ఏళ్ల తరబడి వాడినా ఏమీ కాదు. నాకు పడలేదు. ఇక ఉత్త కొబ్బరినూనెకి బ్యాక్టీరియాను అణిచే శక్తి కొద్దిగా ఉన్నా, జాకెట్టు మీద మిగిలే మరకల ముందు అదెంత?

సున్నిపిండి సంగతి వేరు. పెసరపిండి, కచ్చూరాలు, ఎండు నారింజ తొక్కలు కలిపి నలుగు పెట్టుకుంటే చర్మం మీది జిడ్డు, చచ్చిన కణాలు పోతాయి. పొద్దున పదింటిదాకా హాయి. ఆ తర్వాత మామూలే. వట్టివేళ్ల నీళ్లదీ అంతే. చార్మినార్ దగ్గర కొన్న చిన్న సీసా అత్తరు గురించి మావారి తీర్పు: "చెమట పట్టిన పెళ్లికొడుకు!" సెంటు వాసనను కప్పుతుందంతే, పుట్టకుండా ఆపదు.

మెంతుల గురించి ఒక మాట. షుగరుకని రోజూ నానబెట్టిన మెంతులు తినే మా పక్కింటి మామ్మగారి దగ్గర పాకం లాంటి తియ్యటి వాసన వస్తుంటుంది. సబ్బు వాసనేమో అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. మెంతుల్లోని సోటొలాన్ అనే పదార్థం అలాగే చెమటలోంచి బయటికొస్తుందట.

వంటింట్లో ఓడిపోయి ఆన్‌లైన్లో ఖరీదైన 'హెర్బల్' స్టిక్ ఒకటి తెప్పించాను. అట్ట మీద పెద్దక్షరాలతో 'అల్యూమినియం రహితం' అని ఉంది. వెనకవైపు సన్నటి అక్షరాల్లో వాడిన పదార్థాల జాబితా చదివితే మొట్టమొదటి పేరు... పొటాషియం ఆలం. అంటే పటిక! పటిక అసలు పేరే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. ఇందులో లేనిదల్లా సిగ్గే!

పటికా... పటికబెల్లమా?

ఆ రాత్రి తెనాలిలో ఉన్న అమ్మమ్మకి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. ఆవిడ నవ్వి, "ఓసి పిచ్చిదానా, మీ తాతయ్య గడ్డం గీసుకున్నాక రాసుకునేవారు చూడు, ఆ ముక్కే చంకల్లోనూ రాసుకునేవారు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ వ్యవహారం" అంది. తలెత్తి చూస్తే మా గుమ్మానికి దిష్టికని ఎర్రతాడుతో కట్టిన పటికముక్క వేలాడుతోంది.

అది దిష్టిదని వదిలేసి, మర్నాడు మోండా మార్కెట్టుకి వెళ్లాను. కుర్రాడు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి నాలుక్కి ఆనిస్తే తియ్యగా ఉంది! పటిక అడిగితే పటికబెల్లం ఇచ్చాడు. వెనక్కి పట్టుకెళ్తే ఆ దుకాణం పెద్దాయన తల పట్టుకుని, "గడ్డానికి రాసేదా అమ్మా, ముందే చెప్పొద్దూ" అంటూ గుప్పెడంత గాజుముక్కలాంటిది తీసిచ్చాడు. నా అరచేతిలో ఇమిడే ఆ ముక్క ఇప్పటికీ సగం కూడా అరగలేదు.

వాడేది ఇలా. స్నానం చేసి, చంకలు తుడుచుకోవాలి. పటికముక్కను నీళ్లలో తడిపి, నాలుగైదుసార్లు మెత్తగా రుద్ది, ఆరనివ్వాలి. ముక్క అంచులు పదునుగా ఉంటే ముందు నీళ్లలో అరగదీసి నున్నగా చేసుకోవాలి. ఇది చర్మం మీద పల్చటి పొరలా నిలిచి బ్యాక్టీరియా పెరగకుండా చూస్తుంది. చెమటను మాత్రం పెద్దగా ఆపదు. తడి ఉంటుంది, వాసన ఉండదు. రేజరు వాడిన రోజున, గీతలు పడిన చోట రాస్తే చురుక్కుమంటుంది. ఆ పూట మానెయ్యడమే. మూడు వారాల తర్వాత మావారి సగటు మార్కు 7. దురద లేదు, మచ్చల్లేవు. అల్యూమినియం ససేమిరా వద్దనుకునేవాళ్లకి మాత్రం ఇది పనికిరాదు, ఎవరెన్ని అట్టల మీద రాసినా.

అల్యూమినియం లేకుండా పనిచేసింది నాకొకటే. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా! కడుపు మంటకీ, మలబద్ధకానికీ మందులషాపులో అమ్మే తెల్లటి ద్రవం. ఒంటికి వాడేటప్పుడు రంగు, రుచి కలపని మామూలు రకం తీసుకోవాలి. అదీ క్షారమే కానీ నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి సోడా అంతగా చర్మాన్ని పీడించదు. నాలుగు చుక్కలు రాసుకుని ఆరనిస్తే చాలు. రిపోర్టింగ్ పని మీద మే ఎండలో రోజంతా తిరిగొచ్చినా 8 మార్కులు. నల్ల జాకెట్టు మీద తెల్లటి పొడి మాత్రం రాలుతుంది. ఇది 'సహజమా' అంటే... పటిక కూడా ఇప్పుడు చాలావరకు ఫ్యాక్టరీల్లోనే తయారవుతోంది. ఆ మాట పట్టుకుని కూర్చుంటే తేలేది కాదు.

జింక్ రిసినోలియేట్ ఉన్న స్టిక్కులు కూడా వస్తున్నాయి. దీని ముడిసరుకు మన ఆముదమే. ప్రపంచంలో ఆముదాలు ఎక్కువగా పండించేది మన దేశం. అందులో సింహభాగం గుజరాత్‌ది, పాలమూరు, నల్గొండ చెల్కల్లోనూ ఎప్పటి నుంచో ఉన్న పంట. ఈ పదార్థం చెమటను ఆపదు, వాసన కణాలను పట్టి బంధిస్తుంది. ఏసీ ఆఫీసుకి సరిపోయింది, బస్సుకి చాల్లేదు.

స్ప్రేలు మానగానే మొదటి వారం అందరూ బెంబేలెత్తుతారు. నేనూ అంతే. 2016లో అమెరికాలోని నార్త్ కరోలినాలో 17 మందితో ఓ అధ్యయనం చేశారు. యాంటీపెర్స్పిరెంట్ వాడేవాళ్లు దాన్ని ఆపేశాక, ఆరో రోజుకల్లా వాళ్ల చంకల్లో బ్యాక్టీరియా సంఖ్య మిగతావాళ్ల స్థాయికి వచ్చేసింది. 'విషాలు బయటికి పోతున్నాయి' అంటూ మట్టిపట్టీలు అమ్మేవాళ్ల మాటలు పట్టించుకోనక్కర్లేదు.

తప్పు చొక్కాది కూడా!

బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంలో 26 మందితో వ్యాయామ సైకిళ్లు తొక్కించి, వాళ్ల టీషర్టులను దాచి, తర్వాత వాసన చూశారు. 2014 నాటి ముచ్చట. పాలియెస్టర్ చొక్కాలు నూలు చొక్కాలకంటే ఘాటుగా ఉన్నాయి. చంకలో అంతగా కనిపించని మైక్రోకాకస్ జాతి బ్యాక్టీరియా పాలియెస్టర్ మీద బాగా పెరుగుతోందని తేలింది. ఇది చదివాక అక్కకి ఫోన్ చేసి పిల్ల యూనిఫాం గుడ్డ ఏమిటో చూడమన్నాను. పాలియెస్టరే! పైగా ఉన్నవి రెండు జతలు, ఒకటి ఉతికితే ఒకటి. మార్చమని స్కూలుని అడిగే వీల్లేదు. అందుకని లోపల పల్చటి నూలు బనియను, రోజు విడిచి రోజు కాకుండా ప్రతిరోజూ ఉతుకు, చంకల దగ్గర ఉతికేముందు అరగంట వెనిగర్ నీళ్లు. సగం వాసన అక్కడే పోయిందని అక్క ఒప్పుకుంది. నేను కూడా సింథటిక్ చుడీదార్లు మూటగట్టి మంగళగిరి నూలుకి మారాను. మావారి మార్కులు ఒకటి పెరిగాయి.

క్యాన్సర్ వస్తుందా?

అల్యూమినియం గురించి ఎవరిని కదిలించినా ముందు అడిగేది ఇదే. సియాటిల్‌లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 813 మందినీ, రాని 793 మందినీ పోల్చిచూసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో యాంటీపెర్స్పిరెంట్లకీ జబ్బుకీ సంబంధం కనిపించలేదు. స్పష్టమైన ఆధారం లేదనే అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ చెబుతోంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం అల్యూమినియం యాంటీపెర్స్పిరెంట్లు వాడేముందు డాక్టరుని అడగాలి. అమెరికాలో ఆ హెచ్చరిక డబ్బా మీదే ఉంటుంది.

ఉన్నట్టుండి వాసన మారినా, చేపల వాసనలా వస్తున్నా, రాత్రుళ్లు పక్క తడిసేంత చెమట పడుతున్నా పటికతో సరిపెట్టుకోకండి. డాక్టరుకి చూపించుకోవాలి. చెమట చొక్కా పిండేంతగా కారేవాళ్లకి బొటాక్స్ ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి. అమెరికాలో 2004 నుంచే అనుమతి ఉంది. ఖర్చెక్కువ, కొన్ని నెలలకోసారి మళ్లీ చేయించుకోవాలి.

దద్దుర్లు పూర్తిగా మానాక, డాక్టరుకి చూపించి, జూన్‌లో బడి తెరిచే ముందు మా పిల్లకి ఓ పటికముక్క, రెండు నూలు బనియన్లు పంపించాను. తనకి చెప్పాల్సిన మాట ఒకటుంటే ఫోన్లో చెప్పాను, నీ వయసులో నాకూ వచ్చేది, మీ అమ్మకీ వచ్చేదని. అక్క పక్కనే ఉంది కాబోలు, "నాకెప్పుడొచ్చింది?" అని అరిచింది.

జులై చివర్లో మళ్లీ ఫోన్.

"పిన్నీ, పటికని రోకలితో కొట్టి మూడు ముక్కలు చేశాను."

"ఎందుకే?"

"ఒకళ్లది ఒకళ్లు వాడకూడదన్నావుగా. మా క్లాసులో ఇంకో ఇద్దరికి కావాలట. అందులో ఒకమ్మాయి ఇప్పుడు మళ్లీ నా బెంచీలోనే కూర్చుంటోంది."

స్వెట్టరు గురించి అడిగాను. అది అప్పుడే పెట్టెలో పెట్టేసిందట.